బలం గోలీ

రోజంతా ఒకటే ప్రశ్న అడగడం, రోజంతా ఒకటే అబద్ధం వినడం. ఉష ఉద్యోగం అదే. పంజాగుట్ట చౌరస్తాకు కూతవేటు దూరంలో ఉన్న ఒక పెద్ద దవాఖానలో, నాలుగో అంతస్తులో, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటుంది. క్యాన్సర్‌కు ఇంటి దగ్గరే గోలీలు మింగేవాళ్ళకు ఫోన్లు చేస్తుంది. "ఇయ్యాల గోలీ వేసుకున్నరా?" అని అడుగుతుంది. "ఆ, వేసుకున్న బిడ్డా" అని జవాబు వస్తుంది. అందులో సగం వట్టిదే.

క్యాన్సర్ అనగానే సెలైన్ బాటిలూ, గుండూ, వార్డూ అనుకుంటారు జనం. ఇప్పుడు కొన్ని రకాలకు గోలీలొచ్చాయి. ఇంట్లో కూర్చుని, టిఫిన్ చేసి, గుటుక్కున మింగేయొచ్చు. వినడానికి ఎంత హాయి! కానీ సూదిమందు అయితే నర్సు పొడుస్తుంది, తప్పించుకోలేరు. గోలీ అయితే మింగాల్సింది మనమే. మన సంగతి మనకు తెలియదా? జ్వరం కాస్త దిగగానే మందు సీసా కిటికీలో పెట్టి మరిచిపోయే జాతి మనది.

అట్లాగని అబద్ధం చెప్పేవాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు. పాపం, ఎక్కడి పిల్లో, ఇంత మర్యాదగా అడుగుతోంది, లేదని చెప్పి నొప్పించడం ఎందుకని చెబుతారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు ముతకగా చెప్పనే చెప్పారు. అయినా మారం.

ఉష కూడా తక్కువది కాదు. గొంతు విని పట్టేస్తుంది. శ్రీనగర్ కాలనీలో ఒకామె ఎండాకాలం రాగానే గోలీ వేడి చేస్తుందని మానేసింది. "వేడి చేస్తే మజ్జిగ తాగు అమ్మా, గోలీ ఏం పాపం చేసింది?" అని మళ్ళీ మొదలుపెట్టించింది. ఇంకొకాయన శనివారాలు ఒక్కపొద్దు ఉంటాడు. తినకుండా ఈ గోలీ వేసుకోకూడదన్నారు కాబట్టి ఆ రోజు గోలీకీ ఉపవాసమే. "తాతా, మందుకు ముందు తినే ముద్ద మందుల్నే జమ. దేవుడు గంత లెక్క చూసేటోడు కాదు" అని ఒప్పించింది. మరొకతను రిపోర్టు మంచిగా రాగానే బల్కంపేట ఎల్లమ్మకు మొక్కు చెల్లించి, గోలీల డబ్బా పక్కన పడేశాడు. అతణ్ణి మాత్రం తిట్టింది. తిడితేనే విన్నాడు.

ఈ నోరు ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఉప్పలయ్య సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. సాంచె అంటే కరెంటు మగ్గం. రోజంతా దాని చప్పుడులో మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దది చేసుకున్నాడు. పని దొరకని కాలం వచ్చాక పెళ్ళాంబిడ్డలతో పట్నం చేరి, అమీర్‌పేటలో ఒక బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించే పనికి కుదిరాడు. చేతిరుమాలు కోసం వచ్చిన మనిషిని పట్టుచీరతో పంపించేవాడని దుకాణమంతా చెప్పుకునేవారు. కూతురు ఫార్మసీ డిప్లొమా చదివింది. కొన్నాళ్ళు అమీర్‌పేటలోనే మైత్రీవనం దగ్గర మందుల షాపులో కోచింగ్ పిల్లలకు తలనొప్పి గోలీలు అమ్మింది. అక్కణ్ణించి ఈ దవాఖానకొచ్చింది. ఇప్పుడు రోగులందరికీ ఆమె గోలీల మేడం. ఇంట్లో మొగుడు కమలాకర్ వెక్కిరిస్తుంటాడు: "ఊరందరి గోలీలు అడుగుతవు, ఒక్కనాడన్న నా బీపీ గోలీ సంగతి అడిగినవా?"

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నిజమే. నోరు మరీ మంచిదైతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. అది రాజనర్సయ్య విషయంలో తెలిసింది.

రాజనర్సయ్య టైలర్. మైత్రీవనం వెనక సందులో ఒక బిల్డింగు మెట్ల కింద కుట్టుమిషను వేసుకుని కూర్చునేవాడు. కొత్త బట్టలు కుట్టడు. కోచింగ్ పిల్లలు ఇంటర్వ్యూలకని కొనుక్కున్న ప్యాంట్ల పొడుగు తగ్గిస్తాడు, నడుము బిగిస్తాడు. "గీ ప్యాంటు తొడుక్కొని పో బేటా, నౌకరి రాకపోతె నన్నడుగు" అంటాడు. నౌకరి వచ్చినవాళ్ళు మళ్ళీ కనబడరు. రానివాళ్ళు బండి మీది బజ్జీలు తిని తిని, కొన్నాళ్ళకు అదే ప్యాంటు తెచ్చి నడుము వదులు చేయమంటారు. అతని భార్య వజ్రమ్మ పక్క సందులో ఆడపిల్లల హాస్టల్లో చపాతీలు ఒత్తుతుంది. ఒక్కడే కొడుకు, దినేశ్. కార్ల షోరూంలో పని.

రాజనర్సయ్యకు వచ్చింది నెత్తురు క్యాన్సర్. అందులో కాస్త మంచి రకం, అదే అదృష్టం. రోజూ గోలీ మింగుతూ ఉంటే షుగర్ ఉన్నవాళ్ళలాగే ఏళ్ళకేళ్ళు బతకొచ్చు. ఒకరోజు మింగి ఒకరోజు మానితే మాత్రం జబ్బు మొండికెత్తుతుంది. ఆ తర్వాత ఆ గోలీని లెక్కచేయదు. ఈ ఒక్క ముక్క మనిషి బుర్రకెక్కించడమే ఉష పని.

మొదటిరోజే దినేశ్ ఆమెను వరండాలో పట్టుకున్నాడు.

"మేడం, మా బాపుకు గా రోగం పేరు చెప్పకున్రి. మా మేనమామ గట్లనే పోయిండు. పేరు ఇన్నడు, తిండి బంద్ పెట్టిండు, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. బాపు సుత మస్తు భయస్తుడు. అమ్మకు సుత తెల్వది, ఇద్దరికి బలానికి గోలీలని చెప్పిన. మీరు సుత గదే చెప్పున్రి."

"తెల్వకుంటె సక్కగ ఎట్ల మింగుతడు తమ్మీ?"

"మింగిచ్చుడు మీ చేతుల ఉంది మేడం. మీరు మంచిగ మాట్లాడ్తరని అందరంటున్నరు." ఆ మాట అంటూనే ఏడ్చేశాడు. షోరూం టై కట్టుకుని, అంత మనిషి, వరండాలో నిలబడి ఏడ్చాడు.

ప్రేమ ఉన్నచోటే ఇలాంటి పిచ్చిపనులన్నీ జరుగుతాయి. పగ ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు మొహం మీద చెప్పేస్తారు. డాక్టరును అడిగితే ఆయన తల ఎత్తకుండానే, ఇంటివాళ్ళ ఇష్టం అన్నాడు. ఉష పై అధికారి అరుణాదేవి గారి దగ్గరికి వెళ్తే ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టి, "ఉషా, ఇంట్లోవాళ్ళు ఏం చెప్పమంటే అదే చెప్పాలమ్మా. రేపు ఆయన భయపడి ఏదన్నా చేసుకుంటే నీ ఉద్యోగం ఉండదు, నా ఉద్యోగం ఉండదు. ట్యాబ్లెట్ లోపలికి వెళ్తే చాలు కదా, పేరేదైతే ఏంటి?" అంది. తిలా పాపం తలా పిడికెడు. అందరూ తలా ఇంత పంచుకుని తేలికపడ్డారు.

ఉష ఒప్పుకుంది. ఒప్పుకున్నాక అరకొరగా చేసే రకం కాదు. రాజనర్సయ్యదీ సిరిసిల్లే అని తెలుసుకుంది. "నేను సాంచెల ఉప్పలయ్య బిడ్డను పెద్దబాపూ" అనగానే ఆయన మొహం విప్పారింది. ఇక ఆమె అందుకుంది.

"పడుగుకు గంజి పెట్టకుంటె ఏమైతది పెద్దబాపూ?"

"ఏమైతది? సాంచె మీద పోగు పోగుకు తెగుతది."

"మనిషి సుత గంతే. గీ గోలీ నీ నెత్తురుకు గంజి అనుకో. గిసొంటి బలం గోలీ బయట యాడ దొరకది. పెద్ద పెద్దోళ్ళు మింగేది. రోజుకొకటి, బువ్వ తిన్నంక. మరువొద్దు."

రాజనర్సయ్య మరిచిపోలేదు. ఫోను మోగగానే స్పీకర్ పెట్టి, ఎదురుగా ప్యాంటు కోసం నిలబడ్డ పిల్లలకు, "మా సిరిసిల్ల బిడ్డ, దవాఖానల పెద్ద మేడం" అని చెప్పుకునేవాడు. "వేసుకున్నవా పెద్దబాపూ" అంటే "వేసుకున్న బిడ్డా" అనే జవాబు గంటలా పలికేది. ఖాళీ స్ట్రిప్పులు దినేశ్ తెచ్చి చూపించి కొత్తవి తీసుకెళ్ళేవాడు. ఒక్క గోలీ మిగిలేది కాదు. నెత్తురు పరీక్షలు చక్కగా వచ్చాయి. అరుణాదేవి మీటింగులో ఉష పేరు చెప్పి మెచ్చుకుంది. ఉష కూడా, నిజం చెప్పాలంటే, తనను తాను బాగానే మెచ్చుకుంది.

చలికాలం పరీక్షలో మాత్రం రిపోర్టు తిరగబడింది. డాక్టరు కాగితం చూసి, "ఈయన మందు మింగట్లేదు" అన్నాడు. దినేశ్ ఒట్టేశాడు. ఉష కూడా ఒట్టేసినంత పని చేసింది. రాజనర్సయ్య గొంతులో అబద్ధం లేదు, ఉంటే ఆమె పట్టేసేది. మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగింది. బ్యానర్లు, పాంప్లెట్లు పంచేవాళ్ళు, బండ్లు తప్పించుకుంటూ మైత్రీవనం వెనక సందు చేరింది.

రాజనర్సయ్య మిషను ఆపేసి లేచి నిలబడ్డాడు. "అరె, బిడ్డ వచ్చింది!" అని స్టూలు తుడిచాడు. మనిషి చిక్కాడు. మెడ మీద చర్మం వదులైంది. అప్పుడే వజ్రమ్మ హాస్టలు నుంచి ఆయనకు అన్నం తెచ్చింది. ఉష ఆమెను చూసి చాలాకాలమైంది. మొహమంతా ఉబ్బి ఉంది. కళ్ళ కింద సంచులు.

"సూడు బిడ్డా, మా ముసల్ది ఎట్ల నిండిందో!" అని మురిసిపోయాడు రాజనర్సయ్య. "ఎన్కట పుల్ల లెక్క ఉండె. అంత నీ చలవే."

"నా చలవేంది పెద్దబాపూ?"

"గోలీలు గద! పొద్దుగాల నాలుగింటికి లేస్తది, గిన్ని చపాతీలు ఒత్తుతది, కాళ్ళు గుంజుతున్నయని ఏడుస్తది. నాకేమాయె, కూసొని మిషిని తొక్కెటోన్ని. బలం కావాల్సింది దానికి గద. అందుకే బోనాలప్పటి సంది ఒకనాడు నేను, ఒకనాడు అది. గంత మంచి గోలీ నేనొక్కన్నే మింగితె గొంతుల దిగుతదా?"

వజ్రమ్మ సిగ్గుపడింది. "వద్దంటె ఇనడు బిడ్డా. మింగినంక కడుపుల దేవినట్లయితది, గని బలం గోలీలు గట్లనే ఉంటయన్నడు."

ఉషకు అంతా అర్థమైంది. ఆయన అబద్ధం చెప్పలేదు. గోలీ అయిపోయింది, సగం పెళ్ళాం కడుపులోకి పోయింది. గంజి అని, పెద్దోళ్ళు మింగేదని, బయట దొరకదని చెప్పిందెవరు? అంత రుచిగా చెబితే, కట్టుకున్నదానికి పెట్టకుండా ఏ మొగుడు మింగుతాడు? చెడ్డ మొగుడైతే బతికిపోయేవాడు.

బయటికొచ్చి దినేశ్‌కు ఫోను చేసింది. ఇప్పుడన్నా చెప్పేద్దాం తమ్మీ అంది. దినేశ్ అవతల నుంచి, "అక్కా, నీ కాళ్ళు మొక్కుత. గిప్పుడు చెప్తె రోగం భయం ఒకటి, అమ్మకు ఇచ్చినన్న భయం ఒకటి. రెండు తట్టుకోడు. ఆడోళ్ళకు పడది అని చెప్పు. అయిపాయె గద" అన్నాడు. మేడం కాస్తా అక్క అయ్యింది. ఆ అక్క అన్న మాటకు ఉష మళ్ళీ పడిపోయింది. ఎంత తెలివిగల మనిషైనా ఒకే గోతిలో రెండుసార్లు పడడమంటే ఇదే.

లోపలికి పోయి చెప్పింది: "పెద్దబాపూ, గీ గోలీ ఆడోళ్ళకు పడది. పెద్దమ్మ ముఖం నిండలే, ఉబ్బింది. ఇగ ఇయ్యకు. నువ్వొక్కనివే మింగాలె, రోజు."

రాజనర్సయ్య మొహం నల్లబడింది. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె చెంప మీద వేలితో నొక్కి చూశాడు. "అయ్యో, నేనే ఇస్తి" అన్నాడు. ఉష మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆయన తలూపాడు.

వజ్రమ్మకు పరీక్షలు చేయించారు, గోలీ ఆపాక వాపు దిగింది. రాజనర్సయ్యకు ఉష రోజూ ఫోను చేసింది, అందరికంటే ముందు ఆయనకే. "వేసుకున్నవా?" "వేసుకున్న బిడ్డా." ఎప్పటి గొంతే. స్ట్రిప్పులు ఖాళీగానే వచ్చాయి. ఆమె నమ్మింది. రోజుకు అన్ని అబద్ధాలు పట్టే మనిషి ఇది పట్టలేకపోయింది, ఎందుకంటే ఈయన అబద్ధమాడడని ఒకసారి తేల్చేసుకుంది కదా.

కొన్ని వారాలకు చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతోందని, జ్వరం దిగట్లేదని దినేశ్ ఆటోలో తీసుకొచ్చాడు. డాక్టరు ఈసారి తల ఎత్తాడు. జబ్బు ముదిరిందని, ఈ గోలీకే కాదు, దాని పైదానికి కూడా లొంగుతుందని చెప్పలేమని అన్నాడు. ఉష వార్డులోకి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. ఎవరినీ అడగలేదు. అరుణాదేవి ఏమంటుందో, దినేశ్ ఏమంటాడో, అన్నీ పక్కన పెట్టింది.

"పెద్దబాపూ, గోలీలు మింగినవా, నిజం చెప్పు."

"మింగలే బిడ్డా. దాని ముఖం గట్ల చేసిన గోలీ నాకు బెల్లమా? చేతిల పట్టుకుంటె దాని ఉబ్బిన ముఖమే యాదికొచ్చె. రోజొకటి తీసి మురికి మోరీల ఏసిన. బలం లేకుంటె లేకపాయె అనుకున్న. నువ్వు అడిగితె కాదనలేక వేసుకున్నన్న. పాపం, పని ఇడిసి మా దుకాన్ దాక వచ్చినవు."

"అది బలం గోలీ కాదు. నీకు క్యాన్సర్. నెత్తురు క్యాన్సర్. అది తిన్నన్ని దినాలు బతికేటోనివి. మేం నీకు చెప్పలే. నువ్వు భయపడ్తవని చెప్పలే."

గోడ వైపు తిరిగి పడుకుంటాడని దినేశ్ అన్నాడు కదా. ఆయన తిరగలేదు. ఉషనే చూశాడు. కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"గీ మాట మొదలే చెప్తే మింగెటోన్ని గద బిడ్డా" అన్నాడు. "ఒక్కటి సుత ఎవలకియ్యకపోదును. నా పానం నాకు తీపి కాదా? భయపడెటోన్ని, నిజమే. భయపడుకుంటనే మింగెటోన్ని."

ఉష ఏడ్చింది. ఇంత నోరున్న మనిషికి క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. ఆయనే ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. సూదులు గుచ్చి గుచ్చి కమిలిన చెయ్యి.

"ఒక్క పని చెయ్యి బిడ్డా. వజ్రమ్మకు మాత్రం చెప్పకు. రోగం సంగతి తెలిస్తె తెల్వనీ. గా గోలీల సంగతి చెప్పకు. నా పానం నిలబెట్టేదాన్ని అది మింగిందని తెలిస్తె ఉరి పెట్టుకుంటది. దానికి బలం గోలీ అనే చెప్పు. నువ్వైతె మంచిగ చెప్తవు."

మళ్ళీ అదే మాట. మంచిగా చెప్తావు. ఇన్నాళ్ళూ బిరుదులా మోసిన మాట ఇప్పుడు చెంప మీద కొట్టినట్టు తగిలింది. అయినా తలూపింది. ఏం చేస్తుంది? పోతున్న మనిషి అడిగాడు.

వరండాలో వజ్రమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిన్ డబ్బా, మూత తీయలేదు. రెండు రోజులుగా ఏమీ తినలేదని దినేశ్ చెప్పాడు. ఉషను చూడగానే కొంగు పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

"బిడ్డా, దేవుని మీద ఒట్టేసి చెప్పు. డాక్టర్ గా పెద్దరోగం అంటుండు. నేను మింగిన గోలీలు దానికిచ్చినయేనా? నేను మింగవట్టే ఆయనకు గిట్లైందా?"

ఆమెవి ఏళ్ళ తరబడి పిండి పిసికి పిసికి గట్టిపడ్డ చేతులు. ఉష ఆ రెండు చేతులూ పట్టుకుంది. గొంతు సవరించుకుంది. ఆ గొంతు ఒక్క పోగు కూడా తెగకుండా పలికింది.

"కాదు పెద్దమ్మా. ఆ గోలీలు వేరే. అవి ఒట్టి బలానికి ఇచ్చినయి. వాటికి, ఈ రోగానికి ఏం సంబంధం లేదు. ఒట్టు."

వజ్రమ్మ ఆమె మొహంలోకి వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత పెద్దగా ఊపిరి వదిలింది. "బతికిచ్చినవు బిడ్డా" అంది. "గుండెల మీద బండరాయి పెట్టినట్టుండె." డబ్బా మూత తీసి, ఒక ముద్ద కలిపి, మొదట ఉష నోటికి అందించింది. ఉష ఆ ముద్ద తిన్నది. తర్వాత వజ్రమ్మ తినడం మొదలుపెట్టింది.